తెలుగోళ్లా సార్?

మద్రాసు సెంట్రల్ పక్కన వాల్‌టాక్స్ రోడ్డులో ఒక తెలుగు భోజన హోటల్లో మా మావయ్య గల్లా మీద కూర్చునేవాడు. హోటల్ ఆయనది కాదు. ఒంగోలు ఆసామి ఒకాయన నెలకోసారి వచ్చి లెక్కలు చూసుకుని పోయేవాడు, మిగతా రోజులన్నీ మావయ్యదే పెత్తనం. 1988లో నేను డిగ్రీ చదువుకని వచ్చి చూళైలో వాళ్లింట్లోనే దిగాను. సాయంత్రం కాలేజీ అవగానే ఎలిఫెంట్ గేటు మీదుగా నడుచుకుంటూ వచ్చి హోటల్లో భోజనం టోకెన్లు చింపేవాణ్ని. కూలి కింద రాత్రి భోజనం, మావయ్య కబుర్లు. రెండూ వేడివేడిగానే ఉండేవి.

ఆ చుట్టుపక్కల తిరిగినవాళ్లకి తెలుసు. పక్కనే సెంట్రల్, రోడ్డు దాటితే జనరల్ ఆసుపత్రి. ఆ ఆసుపత్రి 1772 నించీ ఆ చోటే ఉంది. ఇప్పుడు రాజీవ్ గాంధీ పేరు పెట్టారు గానీ మావాళ్లకి ఇప్పటికీ జీహెచ్చే. నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లో ఊళ్లో డాక్టరు చేతులెత్తేశాడంటే రైలెక్కి జీహెచ్‌కి రావడమే. దాంతో నిజంగా కష్టంలో ఉన్నవాళ్లూ, కష్టం నటించి బతికేవాళ్లూ ఆ ఒక్క ఫుట్‌పాత్ మీదే, అవే మాటలతో తారసపడేవాళ్లు. మా హోటల్ బోర్డు మీద తెలుగు అక్షరాలు ఉండేవి. అది చూసి లోపలికి వచ్చినవాళ్లు గల్లా దగ్గర మొదట అడిగే మాట, "తెలుగోళ్లా సార్?"

పరాయి ఊళ్లో ఆ మాట చెవినపడితే మనకి సగం మనసు కరిగిపోతుంది. కరిగిపోతుందని వాళ్లకీ తెలుసు.

ఆ తర్వాతది మాకు కంఠతా వచ్చేసింది. జేబు కొట్టేశారు, సూట్‌కేసు పోయింది, ఊరెళ్లాలి, టిక్కెట్టుకి ఇంత తక్కువైంది, వెళ్లగానే మనీయార్డరు చేస్తాను, మీ అడ్రసు రాసివ్వండి. ఈ చివరి ముక్క ఉంది చూశారూ, అడ్రసు అడగడం, అది మంచి పనితనం. పెన్ను మనదే, కాగితం మనదే. రాసిచ్చిన చీటీని వాడు ఒద్దికగా మడిచి పై జేబులో పెట్టుకుని, పైనించి ఒకసారి తట్టుకుంటాడు. ఆ తట్టడంతో డబ్బు తిరిగొచ్చేసినట్టే అనిపిస్తుంది.

అలాంటివాడొకడు ఉండేవాడు. ఇస్త్రీ చొక్కా, రెక్సిన్ బ్రీఫ్‌కేసు, మర్యాద ఉట్టిపడే గోదావరి యాస. మొదటిసారి తెనాలి వెళ్లాలన్నాడు. కొన్నాళ్లకి మళ్లీ వచ్చాడు, మావయ్య మొహం గుర్తున్నట్టు లేదు, ఈసారి అనకాపల్లి. ఇంకోసారి రైల్వే బడ్జెట్టు వచ్చిన వారంలోనే వచ్చి, చార్జీలు పెరిగాయి సార్ అని పది రూపాయలు ఎక్కువడిగాడు. "కొత్త చార్జీలు ఒకటో తారీకు నించి కదయ్యా, నువ్వప్పుడే వసూలు మొదలుపెట్టావే" అన్నాడు మావయ్య. వాడు పకపకా నవ్వేశాడు. ఆ తర్వాత మా దగ్గర చెయ్యి చాపలేదు గానీ, అప్పుడప్పుడు డబ్బులిచ్చి టోకెను తీసుకుని భోంచేసి వెళ్లేవాడు. ఇంకో అప్పడం వెయ్యమని గదమాయించేవాడు కూడా.

మావయ్య ఎవరినీ దొంగా అనేవాడు కాదు. ఏవో ఊసుపోని ప్రశ్నలు వేసేవాడు. నేను మొదట్లో పోలీసులా నిలదీసేవాణ్ని, పర్సులో ఎంత ఉంది, ఎక్కడ పోయింది, కంప్లయింటు ఇచ్చావా అని. ఒకరోజు పక్కకి పిలిచి, "పోయిందాన్ని గురించి అడగొద్దురా అబ్బయా, దానికి వాడు తయారై వచ్చుంటాడు. పోనిదాన్ని గురించి అడుగు" అన్నాడు.

పోనిదంటే పొద్దున తిన్న టిఫిను. వచ్చిన రైలు. పక్క సీట్లో ఎవరు కూర్చున్నారన్నది. మద్రాసులో దిగాక ముందు ఎటు నడిచారన్నది. ఒకతను పొద్దున్నే పినాకినిలో దిగానన్నాడు. పినాకిని పొద్దున బెజవాడలో బయల్దేరే బండి, అది సెంట్రల్ చేరేసరికి మా హోటల్లో మధ్యాహ్నం భోజనాల పంక్తి నడుస్తుంటుంది. ఇంకొకతను సూళ్లూరుపేట పోవాలి, వంద రూపాయలివ్వమన్నాడు. సూళ్లూరుపేటకి మూర్ మార్కెట్ కాంప్లెక్సు నించి లోకల్ ఉంది, దానికి అయ్యే ఖర్చు టీ, వడ ఖర్చు. (1985లో మూర్ మార్కెట్ తగలబడ్డాక ఆ జాగాలో రైల్వేవాళ్లు కట్టినదే ఆ కాంప్లెక్సు. పాత మార్కెట్లో పుస్తకాలు బేరమాడినవాళ్లు ఇప్పటికీ అక్కడ ఒక నిట్టూర్పు విడిచి గానీ రైలెక్కరు.) "లోకల్ ఎక్కించి రమ్మంటావా?" అని మావయ్య సర్వరు కుర్రాణ్ని పిలిచేసరికి ఆ మనిషి లేడు.

అన్నం విషయంలో మాత్రం ప్రశ్నలు ఉండేవి కావు. ఎవరడిగినా వంటింటివైపు తిరిగి "ఒక ఆకు" అనేవాడు, అంతే. ఆసామి లెక్కల్లో అది ఏ పద్దు కింద పోయేదో నాకిప్పటికీ తెలీదు. ఆకు వెయ్యమనగానే "భోజనం వద్దు సార్, రైలుకి టైమైపోయింది" అని గింజుకునేవాళ్లు కొందరుండేవాళ్లు. ఇంకొందరు డబ్బు సంగతి అక్కడితో వదిలేసి కూర్చుని తినేవాళ్లు, పెరుగు దాకా.

టిక్కెట్టు కొనిచ్చినా పని అయిపోదని అక్కడే తెలిసింది నాకు. జనరల్ టిక్కెట్టు కొంతసేపటి లోపల కౌంటర్లో తిప్పి ఇచ్చేస్తే కొద్దిగా కోసుకుని మిగతాది చేతిలో పెడతారు. అందుకే సర్వరు కుర్రాడు టిక్కెట్టుతో ఆగేవాడు కాదు, మనిషిని జనరల్ పెట్టెలోకి ఎక్కించి బండి కదిలాక వచ్చేవాడు. పాలపొడి డబ్బా సంగతీ అంతే. చంకన బిడ్డ, కళ్లలో నీళ్లు, "డబ్బులొద్దన్నా, బిడ్డకి పాలడబ్బా కొనియ్యి చాలు." డబ్బులొద్దు అన్నాక మనకి అనుమానం ఎక్కడిది? కొనిచ్చి మనం మలుపు తిరగ్గానే డబ్బా మళ్లీ అదే కొట్లో అరలోకి, కొంచెం తక్కువకి. మావయ్య డబ్బా కొనిచ్చేవాడు, కానీ మూత తీసి లోపలి రేకు అక్కడే చింపించేవాడు. నిజంగా బిడ్డకి పాలు కావలసిన తల్లి ఆ చింపిన డబ్బాని గుండెలకి హత్తుకుని పోయేది. మిగతావాళ్ల మొహం చూసి తీరాలి. మందుల చీటీ పట్టుకొచ్చేవాళ్లకీ ఇదే వైద్యం, బిళ్లల పట్టీ మూల చించి ఇవ్వడం. ప్లాస్టిక్ కవర్లో లామినేషన్ చేయించిన మందుల చీటీ చూపించినవాడికి మాత్రం "ఇంత జాగర్తగా దాచుకున్నావే, రోగి బాగున్నాడా?" అని చెప్పి పంపించాడు.

పునాది తవ్వుతుంటే బంగారు పూసలు దొరికాయి, చవగ్గా ఇస్తాం అని వచ్చే జంటలు ఉండేవి. మొదట చూపించే పూస నిజం బంగారమే, కంసాలికి చూపించుకోమంటారు, తర్వాత చేతిలో పెట్టేదంతా ఇత్తడి. కానీ అది మన జాలి మీద కాదు, ఆశ మీద వేసే గాలం. అందులో పడ్డవాళ్ల గురించి నేనేమీ బాధపడను.

అన్నిటికన్నా చిక్కు ఎక్కడంటే, నిజంగా అవసరమున్నవాళ్లు కూడా అబద్ధం చెబుతారు.

కనిగిరి వైపు నించి ఒక ముసలాయన, భార్య వచ్చారు ఒక సాయంత్రం. ఆయన గల్లా ముందు నిలబడి, రైల్లో జేబు కొట్టేశారు బాబూ, ఇద్దరం ఊరెళ్లాలి అన్నాడు. ఏ రైలు, ఎప్పుడు దిగారు అని మావయ్య మామూలుగానే మొదలుపెట్టాడు. "ఇయ్యాల పొద్దున" అన్నాడాయన. వెనకాల నిలబడ్డ ఆవిడ అమాయకంగా, "ఇయ్యాలెక్కడ, మేమొచ్చి పదైదు రోజులు కాలా" అంది. ముసలాయన తల దించేసుకున్నాడు. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి, మాట దొరికిపోయింది కదా. మావయ్య మాత్రం గల్లా దిగొచ్చి ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు.

కొడుకు కాలికి ఆపరేషను అయింది. ఆసుపత్రిలో మంచానికీ మందులకీ డబ్బులడగలేదు, కానీ పక్కన ఇద్దరు మనుషులుండాలంటే తిండి, టీ, స్నానానికి ఇంత, సామాను కాపలాకి ఇంత. తెచ్చుకున్నది కరిగిపోయింది. కొడుకు దగ్గర కోడలు ఉండిపోతుంది, వీళ్లిద్దరూ ఊరెళ్లి ఇంత అప్పు పుట్టించుకుని రావాలి. ఇదీ సంగతి. ఇంత సూటి సంగతి వదిలేసి దొంగ కథ ఎందుకు? దొంగ కొట్టేశాడంటే తప్పు దొంగది. డబ్బులైపోయాయి అంటే తప్పు ఆయనది. నాలుగెకరాల రైతు, ఊళ్లో పెద్దమనిషి, ఊరుగాని ఊళ్లో ముక్కూ మొహం తెలియనివాడి ముందు "అయిపోయాయి" అని ఎట్టా అంటాడు? మావయ్య ఆయనకి టిక్కెట్టు డబ్బులు చేతికే ఇచ్చాడు. కుర్రాణ్ని తోడు పంపలేదు.

ఆ మనీయార్డరు వచ్చింది. కూపన్ మీద ఎవరో పిల్లవాడి చేత రాయించిన రెండు లైన్లు కూడా ఉన్నాయి, కొడుకు నడుస్తున్నాడని.

ఇంకోటి మాత్రం ఇప్పటికీ తేలలేదు. నాకు ఉద్యోగం రాకముందు, ఎండాకాలం. గళ్ల లుంగీ కట్టుకున్న మనిషి, చేతిలో ఎక్స్‌రే పెట్టే పెద్ద గోధుమరంగు కవరు. భార్యకి ఆపరేషనుట, రక్తం కొనాలిట, నూట యాభై కావాలిట. అప్పట్లో డబ్బుకి రక్తం అమ్మేవాళ్లు ఆసుపత్రుల చుట్టూ ఉండేవాళ్లు. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 1998 నించి గానీ అది ఆగలేదు. మావయ్య చిక్కులో పడ్డాడు. అన్నమైతే ఆకు వెయ్యొచ్చు, టిక్కెట్టయితే రైలెక్కించొచ్చు, డబ్బాకి రేకు చింపొచ్చు. రక్తానికి ఏం చేస్తాడు?

"పొద్దున ఏం తిన్నావు?" అన్నాడు.

"ఇడ్లీ సార్. గేటు కాడ బండి మీద. ఆమెకని కట్టించినా, వద్దనింది. నేనే తిన్నా."

ఆ జవాబు చెప్పడానికి అతను ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు, అలాగని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పనూ లేదు. మావయ్య గల్లాలోంచి కాదు, తన చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. అతను డబ్బు తీసుకుని, ఎవరూ అడక్కుండానే ఎక్స్‌రే కవరు గల్లా బల్ల మీద పెట్టి, "ఇది మీ కాడ ఉంచండి, రేపొచ్చి తీసుకుంటా" అని వెళ్లిపోయాడు. తాకట్టుగా వాచీలు చూశాం, చెవి పోగులు చూశాం. ఎక్స్‌రే తాకట్టు పెట్టినవాణ్ని చూడటం మావయ్యకీ అదే మొదలు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. "ఆపరేషనంటే అది డాక్టరుకి కావాలి కదరా" అని మావయ్య కంగారుపడి నన్ను కవరిచ్చి ఆసుపత్రికి పంపాడు. పేరు తమిళంలో రాసి ఉంది, చెమటకి సగం చెరిగిపోయింది. వార్డులన్నీ తిరిగాను. అడిగిన ప్రతిచోటా ఇంకో బ్లాకు చూపించారు. అక్కడ ఎవరూ ఆ పేరు తమ రిజిస్టర్లో ఉందని చెప్పలేదు.

పక్కనే ఉన్న మెడికల్ కాలేజీలో చదివే కర్నూలు కుర్రాడొకడు రోజూ మా హోటల్లో తినేవాడు. రాత్రి చెయ్యి కడుక్కుని వచ్చి ఆ ఫిల్ము తీసి ట్యూబులైటుకి ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. మావయ్య ఆత్రంగా "వాడు నిజమేనా చెప్పినాడు?" అని అడిగాడు. "అతని సంగతి నాకెట్ల తెలుస్తుంది సార్? ఈ ఫిల్ములో ఉన్న మనిషికి మాత్రం నిజంగానే బాగలేదు" అన్నాడు ఆ కుర్రాడు.

ఆసుపత్రి చెత్తకుప్పలో ఏరుకొచ్చి ఉంటాడని అత్తయ్య. ఆపరేషను బల్ల మీదే ఆమెకి ఏదో అయివుంటుంది, ఇక ఎక్స్‌రే ఎందుకని వచ్చివుండడని మావయ్య. ఈ వాదన మొదలైందంటే అన్నాల వేళ దాకా తెగదు. హోటల్ మూసేశాక ఆ కవరు చూళై ఇంట్లో బీరువా మీదికి చేరింది. ఇల్లు సున్నం వేయించినప్పుడల్లా అత్తయ్య దాన్ని పారేయబోవడం, మావయ్య మళ్లీ పైన పెట్టడం.

నాకు నేనుగా మావయ్య పద్ధతి వాడాల్సి వచ్చింది 2015 డిసెంబరు వరదల్లో. అడయారు నది పొంగి సైదాపేట మునిగింది, ఫోన్లు పనిచేయలేదు, ఏటీఎంలు మూగబోయాయి. నడుముల దాకా తడిసిన కుర్రాడు, మెడలో ఏదో కంపెనీ ట్యాగు, నా దగ్గరికొచ్చి మొదట కోయంబేడు బస్టాండుకి దారి అడిగాడు. చెప్పాను. రెండడుగులు వేసి వెనక్కొచ్చాడు. ఇంగ్లీషూ తమిళమూ కలిపి ఏదో మొదలుపెట్టి, మింగేసి, మళ్లీ వెళ్లబోయాడు. ఏ ఊరు బాబూ అని తెలుగులో అడిగాను. కావలి అన్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. జేబులో రెండు బ్యాంకు కార్డులున్నాయి, బస్సుకి డబ్బుల్లేవు. వాణ్ని ఏం తిన్నావని అడగాల్సిన అవసరమే రాలేదు. ఐదొందలు ఇస్తే తీసుకుని, ఫోను చచ్చిపోయింది కాబట్టి నా దగ్గరున్న బాల్‌పెన్నుతో నా నంబరు అరచేతి మీద రాసుకున్నాడు. ఆ వానలో అది బస్సు దాకా కూడా మిగలదని నాకు గట్టి నమ్మకం. వారం తర్వాత నా ఫోనుకి ఎవరో ఐదొందలు రీఛార్జి చేసినట్టు మెసేజి వచ్చింది. అప్పటికి యూపీఐ ఇంకా రాలేదు మరి, నంబరు ఒక్కటే తెలిసినవాడు డబ్బు తిరిగివ్వడానికి వాడు కనిపెట్టిన దారి అది.

ఇప్పుడు ఆంధ్రా బస్సులు మాధవరం వెళ్లిపోయాయి, మోసం ఫోనులోకి వచ్చేసింది. "అన్నా, తెలుగా? రెండొందలు క్యాషివ్వండి, జీపే చేసేస్తా" అని, చేసినట్టు పచ్చటి టిక్కు గుర్తు చూపించేవాళ్లున్నారు. ఆ టిక్కు గీసిపెట్టే దొంగ యాప్‌లే ఉన్నాయట. వాళ్ల స్క్రీను కాదు, మన ఖాతాలో నిల్వ చూసుకోవాలి, మెసేజిని కూడా నమ్మకూడదు. పొరపాటున మీకు పంపానన్నవాణ్ని వాడి బ్యాంకు ద్వారానే రమ్మనాలి. డబ్బు మనకి రావడానికి పిన్ను కొట్టే పనే లేదు, కొట్టమన్నారంటే పోయేది మనదే. డబ్బు పంపమని అవతలివాడు అభ్యర్థన పెట్టే పద్ధతిని మనుషుల మధ్య 2025 అక్టోబరు నించి ఆపేశారు గానీ, ఈ బాపతుకి ఇంకో దారి దొరక్కపోదు. పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. ఇవన్నీ మావయ్యకి చెప్పడం దండగ, ఆయనది ఇప్పటికీ నొక్కుడు బటన్ల ఫోను, యూపీఐ గీపీఐ లేవు.

అయినా ఆయనకీ వచ్చింది ఒక ఫోను, మొన్న సంక్రాంతికి నేను అక్కడ ఉన్నప్పుడే. స్పీకరులో పెట్టాడు, చెవి సరిగ్గా వినబడదు. కుర్ర గొంతు, చక్కటి తెలుగు. తాతా, మా అమ్మ ఆసుపత్రి డబ్బు ఐదు వేలు పొరపాటున మీ నంబరుకి పంపేశాను, దయచేసి తిరిగి పంపండి అని ఏడుపు గొంతు. మావయ్య అంతా విని, తొందరేమీ లేకుండా, "అబ్బయా, పొద్దున ఏం తిన్నావు?" అన్నాడు.

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "ఇంకా తినలా తాతా" అని, ఫోను పెట్టేశాడు.

మావయ్య నావైపు తిరిగి, "దొంగ నాయాలే, సందేహం లేదు. కానీ తినలేదన్నది నిజంరా" అన్నాడు.

"అయితే ఆ ఐదు వేలూ పంపించండి" అంది అత్తయ్య వంటింట్లోంచి.